ఎకరం ఇరవై

మొన్న తిరుమలగిరి దగ్గర మా పొలం కొలవడానికి సర్వేయరు వచ్చాడు. గట్ల వెంట కొలిచే కర్ర పట్టుకుని తిరిగి తిరిగి, చేతులకు బురదంటిందని ఫోను నా చేతిలో పెట్టాడు. "విస్తీర్ణం మీరే కొట్టుండ్రి సార్, లెక్కల సారే గద మీరు" అన్నాడు. మాది రెండున్నర ఎకరాలు. రెండున్నర ఎట్లా రాయాలో నాకొకరు చెప్పాలా? 2.5 అని కొట్టేశాను. పంపే బొత్తం మీదికి వేలు పోయింది. పోయి ఆగింది. పక్కన ఎవరో నిలబడి "చదివి ఒత్తుండ్రి సార్" అన్నట్టే అయింది.

చదివాను. మా దిక్కు భూమి కాగితాల మీద చుక్కకు ఎడమవైపు ఎకరాలు, కుడివైపు గుంటలు. నలభై గుంటలు కలిస్తే ఎకరం. రెండున్నర ఎకరాలుంటే రెండు ఇరవై అని రాస్తారు, అట్లాగే పలుకుతారు. నేను కొట్టింది రెండెకరాల ఐదు గుంటలు. ఒక్క ఒత్తుడుతో పదిహేను గుంటల నేల పోయేది. దాన్ని మళ్లీ తెచ్చుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగేవి. దిద్ది, మళ్లీ చదివి, అప్పుడు ఒత్తాను. ఒత్తాక అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను. ఎండ దెబ్బ తగిలిందనుకుని సర్వేయరు మంచినీళ్ల సీసా అందించాడు.

"చదివి ఒత్తుండ్రి" అనే ఆ మాట నా దగ్గర లెక్కలు నేర్చుకున్న ఒకామెది. పోయిన వానాకాలం జ్వరమని దవాఖానకు పోయిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. నాకు ఆలస్యంగా తెలిసింది. మట్టికి కూడా పోలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

నందికొండలో డ్యామ్ కట్టిన కాలం నాటి క్వార్టర్లలో ఒకదాన్ని అధ్యయన కేంద్రంగా మార్చారు. ఆదివారాలు నేను అక్కడికి పోయి లెక్కలు చెప్పేవాణ్ని. వచ్చేవాళ్లంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకుంటూ సర్టిఫికెట్ కోర్సు చదివేవాళ్లే. వారం వారం ఇచ్చే హోంవర్క్ కంప్యూటర్‌లోనే చేయాలి. తెర మీద లెక్క కనిపిస్తుంది, దాని కింద ఒక చిన్న గడి ఉంటుంది. జవాబు అంకెల్లో ఆ గడిలో కొట్టాలి. సరైతే పచ్చ గుర్తు, తప్పైతే ఎర్ర గుర్తు. మూడుసార్లు తప్పితే ఆ లెక్క పోయినట్టే. ఎట్లా చేశావు, ఎక్కడిదాకా సరిగ్గా వచ్చావు అని అది అడగదు. ఎంత కర్కోటకుడైన మాస్టారైనా సగం మార్కులన్నా వేస్తాడు, ఆ గడికి సగం అనే మాటే తెలియదు.

ఆమె చర్చిలో ప్రార్థన అయ్యాక నేరుగా వచ్చేది. తెల్ల చీర, చేతిసంచిలో బైబిలు, దాని పక్కనే టిఫిన్ డబ్బా. గది బయట చెప్పులు విడిచేది. "వేసుకునే రండి అక్కా, అందరూ అట్లనే వస్తున్నరు" అంటే, "చదువుకునే జాగ గద సార్" అనేది. నాకంటే పెద్దది. అక్కడ అందరికీ అక్కే. కుర్చీలో కొసకు, ఏ క్షణమైనా లేచి పోవలసిన దానిలా కూర్చునేది. కానీ అందరికంటే ఆఖరున లేచేది కూడా ఆమే.

ఆమె పుట్టింది మక్తల్ వైపు, వాన కోసం మొగులు చూసే ఊళ్లో. పెళ్లయి కాలువ నీళ్ల దేశానికి వచ్చింది. భర్త కాలువ మీద లష్కరు, అంటే తూములు ఎత్తుతూ దించుతూ నీళ్లకు కాపలా ఉండే మనిషి. అతను పోయాక ఆ శాఖలోనే ఆమెకు పని ఇచ్చారు. గట్టు దగ్గర పాతిన గేజి మీద నీటి మట్టం చూసి ఫోనులో పంపాలి. ఆ అంకెను చూసే పైన నీళ్లు ఎంత వదలాలో తేలుస్తారు. అయితే పని ఇస్తూ ఒక షరతు పెట్టారు. గడువులోగా ఈ సర్టిఫికెట్ తేవాలి. తేలేకపోతే గేజి పని తీసేసి ఆఫీసులో బల్లలు తుడిచే పనిలో వేస్తారు.

"బల్లలు తుడుస్త సార్, దానికేముంది" అంది నాతో మొదటి రోజే. "గని గేజి ఇంకెవలకో ఇస్తరు. మా పొలం కాల్వ కొసకున్నది. ముందటోళ్లు పారవెట్టుకోంగ మిగిలితెనే మాకు నీళ్లు. గా గేజి మీద ఎవడన్న ఉన్నదొకటి, రాసేదొకటి జేస్తే, కొసకున్నోళ్లం ఎండుతం. మా ఆయన ఉన్నన్ని రోజులు ఉన్నదున్నట్టు చెప్పి రాయిచ్చిండు. గిప్పుడు నేను రాయాలె."

ఇంత చెప్పి కంప్యూటర్ వైపు తిరిగింది.

మొదట ఆమెను పట్టుకున్నవి కామాలు. లక్ష అని జవాబు వస్తే 1,00,000 అని కొట్టేది. గడికి కామా అంటే ఏమిటో తెలియదు. ఎర్ర గుర్తు. ఆమె ఆ గుర్తును కాసేపు చూసి, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు "మంచిది" అంది. విసుగు లేదు, వెటకారం లేదు. కాగితం తిప్పి ఖాళీ వైపు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. రెండోసారీ అదే లక్ష, అదే కామాలు, అదే ఎర్ర గుర్తు. "మంచిది."

నేను పోయి చూసి, కామాలు తీసెయ్యమన్నాను.

"లక్షకు కామా పెట్టకపోతే సున్నలు ఎట్ల లెక్కవెట్టాలె సార్? ఒకటి తక్కువైతే పదివేలాయె, ఎక్కువైతే పది లక్షలాయె."

"కాగితం మీద పెట్టుకోండి అక్కా. గడిలో మాత్రం వద్దు."

ఆమె తలుపు వైపు, అక్కడ విడిచిన తన చెప్పుల వైపు చూసింది. "అయితే కామాలు గడప బయట" అంది. ఆ రోజు నుంచి ఎవరు కామా కొట్టినా గదంతా ఆ మాటే అనేది. నేను ఊళ్లో మా కాలేజీలో కూడా అదే చెప్పాను, పిల్లలకు నా వివరణ కంటే అది బాగా పట్టింది.

కామాలు పోతే ధైర్యం చిక్కాలి కదా, ఆమెకు మాత్రం భయం పట్టుకుంది. తెర మీద సున్నలన్నీ ఒకదాని వెనక ఒకటి గుంపుగా నిలబడితే ఎన్నున్నాయో తెలియదని. దానికి ఒక పద్ధతి పెట్టుకుంది. కొట్టిన అంకె కింద చూపుడువేలు పెట్టి, ఒక్కొక్కటీ పైకి చదివేది. అంకెలుగా ఒకసారి, మాటగా ఒకసారి. "ఒకటి, సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా. లక్ష." అప్పుడు ఒత్తేది. పక్కవాళ్లకు మొదట్లో నవ్వులాట. కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే ఆపరేటరైతే "అక్కా, గది బడి గాదు, గట్టిగ చదువకు" అనేవాడు. ఆమె వినేది కాదు. పైగా వాళ్లకే చెప్పేది, "చదివి ఒత్తుండ్రి" అని. తెర మీద వేలు పెట్టీ పెట్టీ ఆ గడి ఉన్నచోట ఒక మరక పడింది. మరకున్న కంప్యూటర్ అక్కది అని అందరికీ గుర్తు.

ఒకసారి గుంపులో బాగా చదివే కుర్రవాడొకడు హోంవర్క్ అంతా ముందే చేసి, జవాబులు అందరికీ ఫోనుల్లో పంపాడు. ఆదివారం వచ్చేసరికి గది నిండా ఎర్ర గుర్తులే. వాళ్లకు తెలియని సంగతేమిటంటే, ఆ యంత్రం ఒక్కొక్కరికి లెక్క ఒకటే ఇచ్చినా అంకెలు మార్చి ఇస్తుంది. ఒకరి కాలువ రెండు మీటర్ల వెడల్పుంటే ఇంకొకరిది మూడు. ఆమె ఒక్కతే కొట్టలేదు. ముందే తెలిసిందా అని అడిగాను.

"తెల్వది సార్. గని ఆయన కాల్వ ఆయనది, నా కాల్వ నాది. ఆయన కాల్వ జూసి నేనెట్ల రాస్త?"

నవ్వు వచ్చింది నాకు. ఆమె నవ్వలేదు. ఆమెకది నిజంగా కాలువే. లెక్కలో నీళ్లు అని ఉంటే ఆమెకు తడి తగిలేది. ఒక లెక్కలో కాలువ అడుగు ఎత్తు నుంచి పల్లానికి కాకుండా పల్లం నుంచి ఎత్తుకు ఇచ్చారని చెప్పి, ఇది రాసినవాణ్ని ఒకసారి కాలువ చూపించడానికి తోలుకురమ్మంది.

అంతా బాగానే నడుస్తుండగా వైశాల్యాల పాఠం వచ్చింది. అక్కడ ఆమె మార్కులు కుప్పకూలాయి. వారాల తరబడి ఎరుపే. గుణకారాలు చూస్తే సరిగ్గా ఉన్నాయి, చదరపు మీటర్ల దాకా సరిగ్గా ఉన్నాయి, ఎకరాల్లోకి మార్చి గడిలో కొట్టేసరికి తప్పు. గడి పాడైందేమోనని ఆపరేటరు కీబోర్డు కూడా మార్చాడు. ఆమె రోజూ లాగే "మంచిది" అని కాగితం తిప్పేది. ఆ మంచిది వినలేక ఒక ఆదివారం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. కాగితం మీద ఆఖరి మాట అక్షరాల్లో రాసి ఉంది, ఒకటిన్నర ఎకరం అని. గడిలో మాత్రం 1.20 అని ఉంది.

"ఈ ఇరవై ఎక్కడిదక్కా?"

"గుంటలు సార్. ఎకరన్నర అంటే ఎకరం ఇరవయ్యే గద."

మొన్న పొలం గట్టు మీద కూర్చుండిపోయిన వాణ్ని గనక ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఆ రోజు మాత్రం గట్టిగానే నవ్వాను. నాతో పాటు గదంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆమె చెప్పింది, "మా ఇంట్ల తాతల కాడికెళ్లి ఎవ్వలకు భూమి లేదు సార్. ఒకరి పొలంల చేసుడే. మొట్టమొదలు మా అత్త పేరు మీద వచ్చిన భూమి గదే, కాల్వ కొసకున్నది. పాసుబుక్కు వచ్చిన్నాడు మా అత్తకు, మా ఆయనకు చదువు రాదాయె. నన్ను నడుమ కూసోబెట్టి చదువుమన్నరు. ఒకటి, చుక్క, రెండు, సున్న. ఎకరం ఇరవై అని చదివిన. మా అత్త మల్ల చదువుమన్నది. మల్ల చదివిన. గా రోజు ఎన్నిసార్లు చదివిచ్చుకున్నరో. గిప్పుడు గది ఎకరం ఇరవై గాదు, ఇంకోటి అంటే నా నోరు వస్తలేదు."

గదిలో పాసుబుక్కు ఇంట్లో ఉన్నవాళ్లూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. నేను లేచి, ఎకరాన్ని నలభై ముక్కలు చేస్తే గుంటలనీ, ఈ గడిలోని చుక్క పది ముక్కలు మాత్రమే చేస్తుందనీ బోర్డు మీద గీసి చూపించాను. ఆమె ఆ గీతలన్నీ చూసింది. "అయితే గీ డబ్బాల సగానికి ఐదు. పాసుబుక్కుల సగానికి ఇరవై. రెండు జాగలు, రెండు లెక్కలు" అంది. అని ఊరుకోలేదు. ఆ వారమంతా గేజి దగ్గర నిలబడి "సగానికి ఐదు, సగానికి ఐదు" అని పైకి అనుకుందట. అటుగా పోయే గొర్రెల కాపరి ఒకాయన, ఈమెకేమైందోనని ఆమె అత్తకు చెప్పి వచ్చాడట. ఇది కూడా ఆమే చెప్పింది, నవ్వకుండా.

తెలిసింది సరే, పోయిన మార్కులు రావు కదా. హోంవర్క్‌లో నిర్ణయించినన్ని మార్కులు వస్తేనే పరీక్షకు హాల్‌టికెట్ ఇస్తారు. మళ్లీ ఏడాది చూద్దామంటే ఆమె గడువు అంతకుముందే అయిపోతుంది. ఆఖరి హోంవర్క్‌కు వచ్చేసరికి పరిస్థితి ఎట్లా అయిందంటే, అందులోని మిగతా లెక్కలన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది, అది పచ్చబడితే హాల్‌టికెట్, లేదంటే బల్లలు.

లెక్క కాలువదే. వెడల్పు 2.8 మీటర్లు, లోతు 1.25. నీటి మీద వేసిన బెండు ముప్పై మీటర్లు పోవడానికి డెబ్బై సెకన్లు పట్టింది. ఒక రోజులో ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు పారుతాయో, దగ్గరి పూర్ణాంకంలో చెప్పాలి. సాయంత్రంతో గడువు. ఆమె 130032 అని కొట్టింది, వేలు పెట్టి చదివింది, ఒత్తింది. ఎర్ర గుర్తు.

"మంచిది" అంది. గొంతు మాత్రం కొంచెం తగ్గింది.

ఆపరేటరు వచ్చాడు. "లెక్క కరెక్టే ఉంటది అక్కా, గీ మెషీన్ తోనే లొల్లి. పాయింటు పెట్టి రెండు సున్నలు కొట్టు" అన్నాడు. అతను మంచికే చెప్పాడు. ఇన్ని నెలలుగా ఆమెకు తగిలిన దెబ్బలన్నీ అట్లాంటివేగా. ఆమె 130032.00 అని కొట్టింది. ఎరుపు.

ఇక మిగిలింది ఒక్కసారి. గదిలో మిగతావాళ్లు లేచి ఆమె చుట్టూ చేరారు. తలా ఒక ఉపాయం. ముందు ఖాళీ ఉందేమో చూడమని ఒకరు, ఘాతంలో రాయమని ఒకరు. ఆపరేటరు కీబోర్డు తన వైపు లాక్కుని, "జరుగు అక్కా, నేను కొడత. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

ఆమె కీబోర్డు మీద చెయ్యి పెట్టింది. "వద్దు తమ్మీ. రేపు గేజి కాడికి నువ్వు రావు గద."

నేను కాగితం అడిగాను, ఒకసారి చూస్తానని. ఇవ్వలేదు. "మీరు జూడకుండ్రి సార్. ఇయ్యాల డబ్బా తప్పు గాదనిపిస్తాంది. తప్పు నాదే ఉన్నట్టున్నది. ఉంటే నాకే దొరకాలె."

బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చింది. కాగితం తిప్పి, ఖాళీ వైపు వెడల్పు నుంచి మొదలుపెట్టింది. మేమంతా ఎటూ పోలేక నిలబడ్డాం. ఆమె వెడల్పును లోతుతో గుణించింది, మూడున్నర. ముప్పైని డెబ్బైతో భాగించడం మొదలుపెట్టి, మధ్యలో కలం ఆపింది.

"దొరికింది సార్" అంది మెల్లగా. "గిది ఒడువని భాగారం. సున్నా పాయింటు నాలుగు రెండు ఎనిమిది అనుకుంట పోతనే ఉన్నది. నేను దాన్ని నడుమల్నే నరికి సున్నా పాయింటు నలభై మూడు జేసిన. జరంతే గద అనుకున్న. గా జరంత, రోజంత పారేసరికి గింతయింది." పాత జవాబు వైపు చూపించింది. "గింత నీళ్లు లేని నీళ్లు సార్. ఉన్నయని రాస్తే, ఎవలో ఒకలు కొసకు నిలవడి వాటి కోసం జూస్తుంటరు."

ముప్పైని డెబ్బై మీద భిన్నంగానే ఉంచి, మూడున్నరతో గుణించి పైనా కిందా కొట్టేసింది. మిగిలింది ఒకటిన్నర.

"పూరా ఒకటిన్నర" అంది. అని, రాయబోయి ఒకటి వేసి చుక్క పెట్టింది. కలం అక్కడ ఆగింది. ఆ చుక్క తర్వాత ఏం రాస్తుందో అని అందరం కాగితం మీదికి వంగాం. ఆమె పెదవులు కదిలాయి. గొర్రెల కాపరి విన్న మాటేనని నాకు తెలుసు. ఐదు వేసింది.

తర్వాతిది రోజులోని సెకన్లతో గుణకారమే. గడిలో 129600 అని కొట్టింది. వేలు పెట్టింది. "ఒకటి, రెండు, తొమ్మిది, ఆరు, సున్నా, సున్నా. లక్షా ఇరవై తొమ్మిది వేల ఆరునూర్లు." ఒత్తింది.

పచ్చగా వచ్చింది.

గది గదంతా చప్పట్లు. ఆపరేటరు ఈల కూడా వేశాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆమె ఆ పచ్చ గుర్తును కాసేపు చూసి, "మంచిది" అంది. ఎర్ర గుర్తుతో అన్నట్టే అంది, అదే గొంతుతో. సంచి తీసుకుని లేచింది. కూర్చోండి, చాయ్ తాగి పోదురుగానీ అంటే, "పొద్దూకే యాళ్లకు నీళ్లు ఇడుస్తరు సార్, గేజి కాడ ఉండాలె" అని చెప్పి, గడప బయట చెప్పులేసుకుని పోయింది.

పరీక్ష గట్టెక్కింది. గేజి ఆమె దగ్గరే ఉండిపోయింది, పోయిన వానాకాలం దాకా. మధ్యలో ఒకసారి వరి నాట్లప్పుడు ఫోన్ చేసింది, కాలువ కొస దాకా నీళ్లు వచ్చాయని, పొలం తడిసిందని. ఆటపట్టిద్దామనిపించి, "ఎంత తడిసింది అక్కా? అంకెల్లో చెప్పండి" అన్నాను.

అటు నుంచి కాసేపు నీళ్ల చప్పుడు మాత్రమే వినిపించింది. వేలు పెట్టి చదువుకుంటున్నదేమో.

"ఎకరం ఇరవై సార్" అంది. "పూరా."